టేపు జేబులో పెట్టండి: బడి వర్క్‌షాప్‌లో ఒక చెక్కపెట్టె

హోస్ట్: నమస్తే అండీ. ఈ వారం మన గెస్ట్ ఒక కార్పెంట్రీ టీచర్. హైదరాబాద్ శివార్లలో ఒక స్కూల్లో ఆరు నుంచి పదో తరగతి దాకా పిల్లలకి రంపం, ఉలి పట్టడం నేర్పుతారు. మైక్ ఆన్ చేయకముందే నా చేతిలో ఒక పెట్టె పెట్టారు. అక్కా, దీంట్లో మేకు ఎక్కడా కనిపించదేం?

టీచర్: లేదు కాబట్టి కనిపించదు తమ్ముడూ. మూలలు చూడు.

హోస్ట్: రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు ఉంది.

టీచర్: అందుకే ఫింగర్ జాయింట్ అంటారు. ఎనిమిదో తరగతి అమ్మాయి చేసింది. పొడవు 240 మిల్లీమీటర్లు, వెడల్పు 160, ఎత్తు 90. పలక మందం 12. మా దగ్గర ఎనిమిదో తరగతిలో అందరూ ఇదే చేస్తారు.

హోస్ట్: స్టూలో, బుక్ స్టాండో కాకుండా పెట్టే ఎందుకు?

టీచర్: స్టూలుకి ఒక కాలు పొట్టిదైతే కింద కాగితం మడిచి పెట్టి నెట్టుకొస్తారు. పెట్టెలో ఆ వీలు లేదు. మొదటి మూల చక్కగా కుదురుతుంది, రెండోది కుదురుతుంది, మూడోది కొంచెం మొండికేస్తుంది, నాలుగోది అసలు కలవదు. పిల్లలు ఆ నాలుగో మూలని పట్టుకుని చెక్కేస్తూ కూర్చుంటారు. తప్పు దాంట్లో లేదు. మొదటి మూల గీసినప్పుడే గునియా, అదే మూలమట్టం, అర డిగ్రీ పక్కకి జరిగి ఉంటుంది. అది వాళ్ళంతట వాళ్ళే వెతికి పట్టుకోవాలి. నేను చెప్పను.

హోస్ట్: చెప్పేస్తే పోయేది కదా!

టీచర్: చెబితే ఆ పెట్టె బాగుపడుతుంది, అంతే. రెండో పెట్టెలో మళ్ళీ అదే తప్పు చేస్తారు.

హోస్ట్: సరే, మొదటి రోజు నుంచి చెప్పండి. పిల్ల వచ్చింది, చేతికి చెక్క ఇచ్చారు. తర్వాత?

టీచర్: ముందు చెక్క ఇవ్వను. ఉలి ఇస్తాను, సాన రాయి ఇస్తాను. పదును పెట్టమంటాను. ఉలికి మొదటి వాలు 25 డిగ్రీలు, దాని అంచు మీద 30 డిగ్రీల సన్నటి రెండో వాలు. చాలామంది తల్లిదండ్రులకి పదునైన ఉలి అంటేనే టెన్షన్. నాకు మొద్దు ఉలి అంటే టెన్షన్. తెగకపోతే బలం పెడతారు, బలం పెడితే జారుతుంది, జారితే ఎదురుగా ఉన్న చెయ్యి పోతుంది. మా రూల్ ఒకటే. రెండు చేతులూ ఉలి అంచుకి వెనకాలే ఉండాలి, చెక్కని బల్లకి బిగించిన వైస్ పట్టుకుంటుంది. ఊళ్ళో వడ్రంగి నేల మీద కూర్చుని కాళ్ళతో అదిమి పట్టి చేసే పని అది. ఆయనకి అలవాటు, వీళ్ళకి వద్దు. ఇంకా జుట్టు ముడేసుకోవాలి, చున్నీ తీసి కొక్కేనికి తగిలించాలి, చెప్పులు కాదు, బూట్లే.

హోస్ట్: ఏ చెక్క వాడతారు?

టీచర్: మొదట్లో ప్యాకింగ్ పెట్టెల పైన్. చవక, మెత్తన, కానీ ముడి వచ్చిన చోట సతాయిస్తుంది. మామిడి చవగ్గా దొరుకుతుంది కానీ త్వరగా పుచ్చుతుంది. తుమ్మ గట్టిది, పిల్లల చేతులు పడిపోతాయి. అసలు పెట్టెకి మాత్రం పాత టేకే. కూల్చిన ఇళ్ళ ద్వారబంధాలు, కిటికీలు అమ్మే దుకాణాలు ఉంటాయి కదా, అక్కడ ముక్కలు ఏరుకొస్తాం. ఏళ్ళ తరబడి ఎండిన చెక్క, ఇక మెలిక తిరగడం తక్కువ. లోపల విరిగిన మేకులు ఉంటాయి, అయస్కాంతం పెట్టి వెతకాలి. లేకపోతే చెక్కని నునుపు చేసే రందా బ్లేడు గోవిందా.

హోస్ట్: ఇప్పుడు ఈ పళ్ళు ఎలా గీస్తారో చెప్పండి. నేనైతే టేపు తీసి...

టీచర్: అక్కడే ఆగు. టేపు జేబులో పెట్టు. మా షాప్‌లో మొదటి గొడవ అదే. పిల్లవాడు పలక 12 మిల్లీమీటర్లు అని నోట్స్‌లో రాసుకుంటాడు, స్కేలు మీద 12 చూసి గీత గీస్తాడు. రందా పట్టాక ఆ పలక 12 ఉండదు, పదకొండున్నర ఉంటుంది. ఇంకో చివర 11.8 ఉంటుంది. అందుకని కొలవకూడదు. ఎదుటి పలకని తెచ్చి దీని మీద నిలబెట్టి, దాని మందాన్నే ఇక్కడికి ఎక్కించాలి. అంచు వెంట ఒకే దూరంలో గీత గీసే పనిముట్టు ఉంటుంది, మార్కింగ్ గేజ్, దాన్ని పలక మందానికే బిగించి గీస్తే సరి, ఎన్ని మిల్లీమీటర్లు అన్న ప్రశ్నే రాదు.

హోస్ట్: అంటే అంకె అక్కర్లేదు.

టీచర్: లెక్క ఒకచోట కావాలి, పళ్ళ సంఖ్యకి. 90 ఎత్తుని ఆరు భాగాలు చేస్తే ఒక పలకకి పైన పన్ను, కింద ఖాళీ వస్తుంది. చూడ్డానికి వంకరగా ఉంటుంది. ఐదు చేస్తే ఒక్కోటి 18. పొడుగు పలకకి మూడు పళ్ళు, పొట్టి పలకకి రెండు. పైనా కిందా ఒకేలా ఉంటుంది. ఇది బోర్డు మీద చెప్తే అరగంట, చేతిలో చూపిస్తే అర నిమిషం.

హోస్ట్: గీతకి పెన్సిలేనా?

టీచర్: పళ్ళు విడగొట్టుకోవడానికి పెన్సిల్. అసలు గీత కత్తితో. విరిగిన హ్యాక్‌సా బ్లేడ్లని సాన పట్టించి, ఒక చివర గుడ్డ చుట్టి కత్తులు చేసుకున్నాం. పెన్సిల్ గీతకి మందం ఉంటుంది, దానికి ఈ పక్కన కోయాలా ఆ పక్కనా అని పిల్లలు కొట్టుకుంటారు. కత్తి గీతకి మందం లేదు. పైగా చెక్క నారని ముందే తెంపుతుంది, కాబట్టి ఉలి పెట్టినప్పుడు అంచు చీరుకోదు. పోవాల్సిన భాగం మీద పెద్ద ఇంటూ మార్కు వేయిస్తాను. అది వేయకపోతే ఉంచాల్సిన పన్ను కోసేసి, తీసేయాల్సింది ఉంచుతారు. ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు ఉంటారు.

హోస్ట్: రంపం ఇంటూ వైపే నడవాలన్నమాట.

టీచర్: గీతని ఆనుకుని, కానీ గీత మిగలాలి. కోసేటప్పుడు నేను చూడను, వింటాను. రంపం నిటారుగా వెళ్తుంటే చప్పుడు ఒకే తీరుగా వస్తుంది. పక్కకి ఒరిగితే బిగుసుకుని కీచుమంటుంది, అప్పుడు పిల్లలు ఇంకా గట్టిగా తోస్తారు. అక్కడ ఆపిస్తాను. తర్వాత ఉలితో మధ్య భాగం తీయాలి. ఒక పక్క నుంచే కింద దాకా కొట్టేస్తే అవతలి పక్క పెచ్చులు లేచిపోతాయి. సగం ఇటు నుంచి, పలక తిప్పి సగం అటు నుంచి. మొదటి దెబ్బ గీత మీద వేయకూడదు, ఒక మిల్లీమీటరు ఇవతల వేయాలి. గీత మీదే వేస్తే ఉలి వాలు దాన్ని వెనక్కి తోసి గీత దాటిస్తుంది. చివర్న ఆ మిల్లీమీటరుని చేత్తో నెమ్మదిగా చెక్కాలి, సుత్తి లేకుండా.

హోస్ట్: బిగుతుగా ఉంటే ఉప్పు కాగితం పెట్టి రుద్దేయొచ్చా?

టీచర్: వద్దు! ఉప్పు కాగితం అంచుల్ని గుండ్రంగా చేసేస్తుంది, ఖాళీలు వస్తాయి. మెత్తటి పెన్సిల్‌తో పళ్ళ పక్కల మీద రుద్దాలి. జాయింట్‌ని సగం దాకా దూర్చి తీస్తే ఎదుటి పలక మీద ఎక్కడ బిగుతుందో అక్కడ నల్లటి మరక పడుతుంది. ఆ మరకని మాత్రమే ఉలితో చివ్వాలి. మళ్ళీ రుద్దు, మళ్ళీ దూర్చు. పూర్తిగా దించకూడదు, నాలుగైదు సార్లు దించితే వదులైపోతుంది. బొటనవేలితో నొక్కితే సగం దిగాలి, కొయ్యసుత్తితో తడితే మిగతా సగం. అంతకంటే సులువుగా దిగితే వదులన్నట్టు.

హోస్ట్: ఇంత కష్టపడే బదులు రెండు పలకలు ఆనించి ఫెవికాల్ రాస్తే అంటుకోదా?

టీచర్: అంటుకుంటుంది, ఒకసారి కింద పడేదాకా. పలక కోసిన చివరని చూడు, సన్నటి గొట్టాల నోళ్ళు అవి. బంకని పీల్చేసుకుంటాయి, పైన మిగిలేది తక్కువ. నార వెంబడి ఉన్న ముఖాలు రెండు కలిస్తేనే బంక గట్టిగా పడుతుంది. పళ్ళు కోస్తే ఒక్కో మూలకి అలాంటి ముఖాలు నాలుగు జతలు దొరుకుతాయి. అందుకే ఇంత తంటా. డవ్‌టెయిల్ జాయింట్ ఇంకో మెట్టు పైన, పన్ను ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఒక దిక్కుకి లాగితే బంక లేకపోయినా ఊడదు. సొరుగుకి అందుకే డవ్‌టెయిల్, రోజూ ముందుకి లాగుతాం కదా. మెత్తటి చెక్కకి వాలు ఆరుకి ఒకటి, గట్టి చెక్కకి ఎనిమిదికి ఒకటి అని లెక్క. అది తొమ్మిదో తరగతిలో.

హోస్ట్: బంక రాసి క్లాంప్ బిగిస్తే అయిపోయినట్టేనా?

టీచర్: మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో అప్పుడే చూడాలి, ఆరిపోయాక కాదు. ఒక సన్నటి పుల్లని ఈ మూల నుంచి ఐమూలగా ఆ మూలకి పెట్టి గుర్తు వేసి, రెండో జతకి పెట్టి చూస్తాం. రెండూ ఒకటే అయితే మూలలన్నీ గునియాకి సరిగ్గా ఉన్నట్టు. తేడా ఉంటే పొడుగొచ్చిన వైపు క్లాంప్‌ని కాస్త ఏటవాలుగా జరిపి బిగిస్తే సర్దుకుంటుంది. అప్పుడూ టేపు అక్కర్లేదు.

హోస్ట్: అడుగు పలక సంగతి? దీన్ని ఊపితే చిన్నగా కదులుతున్నట్టుంది.

టీచర్: కదలాలి. చుట్టూ గాడి తీసి దాంట్లో దూర్చాం, బంక పెట్టలేదు. చెక్క బతికున్నంత కాలం తేమ పీలుస్తుంది, వదులుతుంది. పొడవులో దాదాపు మారదు, అడ్డంలో మారుతుంది. టేకు బాగా నయం. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి అడ్డంగా సుమారు 5.8 శాతం కుంచించుకుపోతుంది. లెక్క వేసి చూడు. 160 మిల్లీమీటర్ల టేకు మూతలో తేమ నాలుగు శాతం పెరిగితే ఒక మిల్లీమీటరు పైచిలుకు ఉబ్బుతుంది. మే నెలలో గట్టిగా బిగించిన మూత ఆగస్టులో తెరుచుకోదు. మన ఇళ్ళలో వానాకాలం తలుపులు పట్టేయడం ఇదే. అడుగు పలకని బంకతో నాలుగు వైపులా కట్టిపడేస్తే ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. ప్లైవుడ్ అయితే ఆ బాధ లేదు, చాలామంది పిల్లలకి అదే ఇస్తాను. ఇంకోటి, గాడిని చివరిదాకా లాగితే బయటికి చదరంగా కన్నం కనిపిస్తుంది. ముందే ఆపాలి, లేదా చిన్న ముక్క అతికించాలి. నీ చేతిలో ఉన్నదానికి అతికించింది, వెతుకు.

హోస్ట్: ...ఆ, దొరికింది. నార కూడా కలిపింది! అక్కా, ఇదంతా మన బళ్ళకి కొత్తదా?

టీచర్: కొత్తేమీ కాదు. ఫిన్లాండ్‌లో 1866లోనే చేతిపనిని బడి చదువులో భాగం చేశారు. స్వీడన్‌లో ఓటో సలోమన్ అనే ఆయన నేస్ అన్న ఎస్టేట్‌లో టీచర్లకి శిక్షణ ఇచ్చేవారు, అక్కడికి ఎన్నో దేశాల నుంచి వెళ్ళి నేర్చుకున్నారు. సులువైన వస్తువుతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఎక్కించే పద్ధతి. స్వీడన్ బళ్ళలో ఇప్పటికీ ఆడపిల్లలకీ మగపిల్లలకీ చేతిపని తప్పనిసరి. మనకి 1937లో చదువు మీద వార్ధా సదస్సు జరిగింది. గాంధీగారి ఆలోచన మీద పాఠ్యప్రణాళిక తయారుచేసిన కమిటీకి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్, తర్వాత రాష్ట్రపతి అయినాయన. ఆయన పుట్టింది హైదరాబాద్‌లోనే. నూలు, నేత, వడ్రంగం, సేద్యం, వీటి చుట్టూ లెక్కలూ సైన్సూ అల్లాలన్నది వాళ్ళ ఉద్దేశం. తర్వాత 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీతో ఎస్‌యూపీడబ్ల్యూ, అంటే సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని అనే పీరియడ్ వచ్చింది.

హోస్ట్: మా బళ్ళో ఆ పీరియడ్‌లో లెక్కల సార్ వచ్చి సిలబస్ పూర్తి చేసేవారు.

టీచర్: చాలా బళ్ళలో అంతే. ఇప్పుడు 2020 విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగుల దగ్గర, కుమ్మరుల దగ్గర నేర్చుకోమంది. మంచిదే. కానీ పది రోజుల్లో ఉలికి పదును పెట్టడం వస్తే గొప్ప. ఇంకొకటి నాకు కడుపులో మండే సంగతి. ఫీజు కట్టే పిల్లలు పెట్టె చేస్తే స్కిల్ అని ఫొటో తీసి పెడతాం. వడ్రంగి కొడుకు అదే పెట్టె చేస్తే చదువు అబ్బలేదంటాం. నాకు ఉలి పట్టడం నేర్పిన పెద్దాయన తన పిల్లల్ని ఈ పనికి రానివ్వలేదు. ఆయన్ని తప్పుపట్టలేను. మా స్కూల్లో కనీసం ఒక పని చేయించగలిగాను. ఆయన టర్ముకి కొన్ని క్లాసులు వచ్చి చెప్తారు, మిగతా టీచర్లకి ఇచ్చినట్టే ఆయనకీ గంటల లెక్కన జీతం ఇస్తారు. పిల్లలు సార్ అని పిలుస్తారు.

హోస్ట్: ఆయన క్లాసులో మీకంటే వేరుగా ఏం చెప్తారు?

టీచర్: మాట్లాడరు. పిల్లవాడి పలక తీసుకుని కిటికీ వైపు తిప్పి గునియా పెడతారు. మధ్యలోంచి వెలుతురు కనిపిస్తే పలక తిరిగి ఇచ్చేస్తారు. అంతే, వాడు మళ్ళీ రందా దగ్గరికి.

హోస్ట్: విన్నవాళ్ళలో ఎవరైనా ఇంట్లో చేయాలనుకుంటే ఏమేం కొనాలి?

టీచర్: సన్న పళ్ళ టెనాన్ రంపం ఒకటి, 12 మిల్లీమీటర్ల ఉలి ఒకటి, గునియా, మార్కింగ్ గేజ్, సాన రాయి, రెండు క్లాంపులు. కరెంటు మెషీన్ ఏదీ వద్దు. టింబర్ డిపోకి వెళ్ళి రందా పట్టించిన ముక్క అడగండి, మొదటిదానికి టేకు తీయకండి. మొత్తం పెట్టె కూడా వద్దు, రెండు చిన్న ముక్కల మీద ఒక్క మూల కోసి చూడండి. కుదరకపోతే ఆ చివర కోసేసి మిగిలినదాని మీద మళ్ళీ గీయండి, ముక్క పొట్టిదయ్యేదాకా నడుస్తుంది.

హోస్ట్: మూతకి బందులు?

టీచర్: ఇత్తడివి, చిన్నవి. ఇత్తడి స్క్రూ మెత్తన, టేకులో నేరుగా తిప్పితే తల తెగిపోయి మొండెం లోపల ఉండిపోతుంది. ముందు సన్నటి రంధ్రం వేసి, అదే సైజు ఇనుప స్క్రూ ఒకసారి బిగించి తీసేసి, అప్పుడు ఇత్తడిదానికి కొంచెం కొవ్వొత్తి మైనం రాసి తిప్పాలి. పాలిష్ బందులు పెట్టక ముందే అయిపోవాలి, లేకపోతే ఇత్తడి నిండా మరకలే.

హోస్ట్: పాలిష్ గురించి అడిగితే ఇంకో ఎపిసోడ్ అయ్యేట్టుంది. డవ్‌టెయిల్‌తో కలిపి అది వచ్చే నెల పెట్టుకుందాం అక్కా. ఈ పెట్టె నా దగ్గరే ఉంచుకోవచ్చా?

టీచర్: ఎక్కడిది, సోమవారం ఆ పిల్లకి తిరిగి ఇవ్వాలి. ఇంకా మార్కులు వేయలేదు.