వెనక ప్లేటు చదవకుండా కొనకండి: పేలుడు ప్రమాదం ఉన్న చోట వాడే హ్యాండ్‌హెల్డ్ కంప్యూటర్లు

నమస్కారం అండీ. టేబుల్ మీద మూడు హ్యాండ్‌హెల్డ్‌లు పెట్టాను. ఒకటి పిస్తోలు పిడి ఉన్న స్కానర్. రెండోది లావుపాటి ఫోన్‌లా ఉంటుంది. మూడోది 10 అంగుళాల ట్యాబ్లెట్. మూడూ వైర్‌లెస్సే, మూడింటికీ రబ్బరు అంచులున్నాయి, మూడూ చేయి జారి పడితే తట్టుకునేవే. కానీ హైడ్రోజన్ కంప్రెసర్ పక్కన జోన్ 1 అని, అంటే మండే వాయువు అప్పుడప్పుడు చేరే చోటని గుర్తు పెట్టిన చోటికి వీటిలో ఒక్కదాన్నే తీసుకెళ్ళొచ్చు. అదేదో ముందు నుంచి చూస్తే ఎవరికీ తెలియదు. తిప్పి చూడాలి.

ఇదిగో, ఈ ఫోన్ లాంటి దాని వెనక ప్లేటు దగ్గరగా చూపిస్తున్నాను. ‘ఎక్స్ ఐబీ ఐఐసీ టీ4 జీబీ’ (Ex ib IIC T4 Gb) అని ఉంది. అక్షరాలు ఎంత చిన్నవంటే, టార్చి పక్క నుంచి వేస్తే గానీ కనపడవు. ఇవాళ ఎక్కువసేపు ఈ ఒక్క వరస గురించే మాట్లాడతాను. ప్రాసెసర్, ర్యామ్ సంగతులు ఎవరైనా చెప్తారు. ఈ వరసను మాత్రం కొనేవాళ్ళు చదవట్లేదు.

నేను షిఫ్టుల్లో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేసే రోజుల్లో, ఒక కాంట్రాక్టు కుర్రాడు సాల్వెంట్ (మండే ద్రావకం) ట్యాంకు పక్కన నిలబడి ఫోన్‌తో లెవెల్ గేజ్ ఫోటో తీస్తున్నాడు. వద్దని ఆపితే, ‘అన్నా, ఇది వాటర్‌ప్రూఫ్, ఏం కాదు’ అన్నాడు. అతన్ని నేను తప్పు పట్టను. ప్లాంటుకి పనికొస్తుందని చెప్పి దాన్ని అతని చేతిలో పెట్టినవాళ్ళది ఆ తప్పు. ఐపీ67 అంటే దుమ్ము లోపలికి పోదు, మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది. మిల్ స్టాండర్డ్ 810 అంటే పడిపోవడం, అదురు, ఎండ, చలి లాంటివి పరీక్షించారని. ఈ రెండూ చెప్పేది మెషీన్‌కి బయటి నుంచి దెబ్బ తగలదని. ఆ మెషీన్ వల్ల బయట మంట పుట్టదని ఆ రెండిటిలో ఏదీ చెప్పదు. గట్టిదనం వేరు, భద్రత వేరు.

ఇప్పుడు ఆ అక్షరాలు. ఎక్స్ అంటే పేలుడు వాతావరణం కోసం తయారైందని. ఐబీలో ఉన్న ‘ఐ’ ఇంట్రిన్సిక్ సేఫ్టీకి గుర్తు. మండే వాయువు, గాలి, నిప్పురవ్వ (లేదా అంటించేంత వేడి), ఈ మూడూ కలిస్తేనే పేలుడు. ప్లాంటులో మొదటి రెండూ కలవకుండా ఎల్లవేళలా ఆపలేం. అందుకని సర్క్యూట్‌లో షార్ట్ అయినా, వైరు తెగినా, అక్కడ పుట్టే రవ్వకి వాయువును అంటించేంత శక్తి లేకుండా ముందే కట్టడి చేస్తారు. ఐఏ అయితే రెండు లోపాలు ఒకేసారి వచ్చినా భద్రం. ఐబీ అయితే ఒక లోపం దాకా. ఐసీ అయితే మామూలుగా పనిచేస్తున్నంతవరకే.

ఈ పద్ధతి బొగ్గుగనుల్లో పుట్టింది. 1913 అక్టోబర్ 14న వేల్స్‌లో సెంఘెనిడ్ గని పేలి 439 మంది కార్మికులు చనిపోయారు. అంటుకోవడానికి కారణం కావచ్చని అనుమానించిన వాటిలో ఎలక్ట్రిక్ గంట సిగ్నల్ తీగల మీద పుట్టే రవ్వ ఒకటి. బ్యాటరీతో మోగే గంట! అంత చిన్న కరెంటు ఏం చేస్తుందిలే అనే మాట చేతిలో ఉన్న ఫోన్‌ని చూసి ఇప్పటికీ అంటూనే ఉన్నారు. అందుకే ఇది చెప్పాను.

తర్వాత ఐఐసీ. ఇది గ్యాస్ గ్రూపు. ప్రొపేన్ లాంటివి ఐఐఏ, ఎథిలీన్ ఐఐబీ, హైడ్రోజన్, ఎసిటిలీన్ ఐఐసీ. ప్రొపేన్ అంటుకోవాలంటే దాదాపు 0.25 మిల్లీజౌళ్ళ రవ్వ కావాలి. హైడ్రోజన్‌కి దాదాపు 0.02 చాలు. మన వేలికి చురుక్కుమని తగిలే స్టాటిక్ దానికి ఎన్నో రెట్లు. ఈ ట్యాబ్లెట్ ప్లేటు మీద ఐఐబీ అని ఉంది చూడండి. పక్కనే జోన్ 1 కి సరిపోయే జీబీ కూడా ఉంది. అయినా హైడ్రోజన్ దగ్గరికి ఇది వెళ్ళకూడదు. జోన్ చూసి గ్రూపు చూడకుండా కొనేవాళ్ళు సరిగ్గా ఇక్కడే పొరబడతారు.

టీ4 అంటే వాయువు తగిలే ఉపరితలం 135 డిగ్రీలు దాటకుండా చూశారని. చాలా వాయువులకి ఇది చాలు. కానీ కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరి దాదాపు 90 డిగ్రీల దగ్గరే, రవ్వ కూడా అక్కర్లేకుండా అంటుకుంటుంది. దానికి టీ6 కావాలి, అంటే 85 డిగ్రీల లోపు.

ఇక జీబీ. వాయువు ఎప్పుడూ ఉండే చోటు జోన్ 0, పని మధ్యలో అప్పుడప్పుడు వచ్చే చోటు జోన్ 1, వస్తే గిస్తే కాసేపు ఉండి పోయే చోటు జోన్ 2. వాటికి వరసగా జీఏ, జీబీ, జీసీ. మన పిస్తోలు పిడి స్కానర్ జీసీ, కాబట్టి జోన్ 2 దాకే. ధాన్యం, పిండి, లోహపు పొడి లాంటి దుమ్ము ఉండే చోట్లకి జోన్లు 20, 21, 22. అక్కడికి ‘డీ’ అక్షరం ఉన్న మార్కింగ్ విడిగా ఉండాలి, గ్యాస్ మార్కింగ్ చూపించి దుమ్ములోకి పోకూడదు. ఉత్తర అమెరికాలో ఇలాంటి చోట్లని విడగొట్టడానికి క్లాస్, డివిజన్ అనే లెక్క కూడా నడుస్తుంది, యూరప్‌లో ఈ పరికరాలకి ఆటెక్స్ అనే చట్టం (డైరెక్టివ్ 2014/34) వర్తిస్తుంది.

ప్లేటు మీద ఇంకో అక్షరం ఉంది. సర్టిఫికెట్ నంబరు చివర ‘ఎక్స్’ (X) అని ఒంటరిగా ఉంటుంది, ఇది మొదట్లో చూసిన Ex కాదు. అది కనపడితే ప్రత్యేక షరతులు ఉన్నాయని అర్థం. ఈ ఫోన్‌కి ఉంది. కాగితం తెప్పించి చదివితే, పొడిగుడ్డతో తుడవొద్దు, తడిగుడ్డే వాడాలి అని ఉంది. పొడిగుడ్డతో రుద్దితే ప్లాస్టిక్ మీద స్టాటిక్ పేరుకుంటుంది. మనలో ఎంతమందిమి చొక్కా అంచుతో స్క్రీన్ తుడుస్తామో ఒక్కసారి తలుచుకోండి.

రేడియో సంగతి. గాలిలో పోయే సిగ్నల్ మంట పెడుతుందా అని కామెంట్లలో అడిగారు. పెట్టగలదు. దగ్గరలో ఉన్న ఇనుప నిర్మాణం యాంటెనాలా ఆ శక్తిని అందుకుని, సందు ఉన్న చోట రవ్వ వేయొచ్చు. అందుకే ప్రమాణంలో హద్దు పెట్టారు: ఐఐసీకి 2 వాట్లు, ఐఐబీకి 3.5, ఐఐఏకి 6. మామూలు వైఫై దాదాపు 0.1 వాటు, దాంతో బెంగ లేదు. పాత 2జీ ఫోన్లు 900 మెగాహెర్ట్జ్‌లో గరిష్ఠంగా 2 వాట్ల దాకా పంపేవి, సరిగ్గా గీత మీద.

ఇంత తలనొప్పి ఎందుకు, కాగితం పెన్ను చాలవా అంటారు. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫామ్ మీద జరిగింది వినండి. ఒక పంపుకి సేఫ్టీ వాల్వ్ విప్పేసి, ఆ చోట తాత్కాలికంగా మూత పెట్టారు. వాల్వ్ లేదని చెప్పే పర్మిట్ (పని అనుమతి) కాగితం రాత్రి షిఫ్టువాళ్ళ చేతికి రాలేదు. రెండో పంపు ఆగిపోయేసరికి వాళ్ళు మొదటి పంపుని ఆన్ చేశారు. ఆ మూత దగ్గర వాయువు కారి పేలింది. 167 మంది పోయారు. అందుకే నేను హ్యాండ్‌హెల్డ్‌లో మొదట చూసేది కెమెరా కాదు. పంపు మీద ట్యాగు స్కాన్ చేయగానే, దాని మీద తెరిచి ఉన్న ప్రతి పర్మిటూ కళ్ళముందుకు రావాలి. ఫోన్ ఆ పని చక్కగా చేసింది. ట్యాబ్లెట్ కూడా చేసింది, డ్రాయింగ్ తెరిచి వాల్వ్ నంబరు సరిచూసుకోవడానికి అదే హాయి. కాకపోతే నిచ్చెన ఎక్కేటప్పుడు రెండు చేతులూ కావాలి, అది భుజానికి తగిలించుకుంటే తుంటికి కొట్టుకుంటూనే ఉంటుంది.

వైఫై ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఇనుప ట్యాంకుల వెనక్కి వెళ్తే సిగ్నల్ పోతుంది, ఏ కంపెనీదైనా ఇంతే. సిగ్నల్ లేకపోతే రీడింగు తనలో దాచుకుని, తిరిగి రాగానే పంపే యాప్ ఉండాలి. పిస్తోలు స్కానర్‌లో వేసిన యాప్ సిగ్నల్ పోగానే గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది. ఎనిమిది గేజ్‌ల రీడింగులు మళ్ళీ తీశాను. అది మెషీన్ లోపం కాదు, యాప్‌ది. కానీ ఎండలో తిరిగిన వాడికి రెండూ ఒకటే.

చేతిగ్లవుజులతో వాడటంలో మాత్రం ఆ స్కానరే మిన్న. మీటలు వేలికి తెలుస్తాయి, ట్రిగ్గర్ నొక్కితే చాలు. ఫోన్ స్క్రీన్ పల్చటి గ్లవుజుకి స్పందించింది, మందపాటి తోలు గ్లవుజుకి స్పందించలేదు. ఎండలో మూడూ కనపడ్డాయి.

బ్యాటరీ. ప్రమాదకర ప్రాంతంలో దీన్ని విప్పకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు. ఫోన్ బ్యాటరీ మూత మీద ప్రత్యేకమైన స్క్రూలు ఉన్నాయి, మామూలు స్క్రూడ్రైవర్‌తో రావు. కావాలనే అలా పెట్టారు. ఛార్జర్ కూడా సర్టిఫికెట్‌లో రాసిందే వాడాలి, దొరికిన కేబుల్ గుచ్చితే లోపలి రక్షణ సర్క్యూట్ దెబ్బతినొచ్చు, పైకి ఏమీ తెలియదు. ఛార్జింగ్ నిదానం, బరువు ఎక్కువ. భాగాల చుట్టూ రెసిన్ పోసి, శక్తికి హద్దులు పెట్టినప్పుడు అది తప్పదు, దాన్ని నేను లోపంగా లెక్కపెట్టను.

చివరగా ఈ మూల చూడండి. మొన్న ఫోన్ మెట్ల మీద పడింది. స్క్రీన్ వెలుగుతోంది, టచ్ పనిచేస్తోంది, ట్యాగులు చదువుతోంది. కానీ కింద ఎడమ మూలలో వెంట్రుక మందాన పగులు, గోటితో గీస్తే తగులుతుంది. కవర్ పగిలితే సర్టిఫికెట్‌ని నమ్ముకోలేం. బయట రిపేరు షాపులో గ్లాసు మార్పిస్తే అది మళ్ళీ మామూలు ఫోనే. వాడొద్దని ఎర్ర ట్యాగు కట్టేశాను, తయారీదారు ఒప్పుకున్న సర్వీస్ సెంటర్‌కి రేపు పంపుతున్నాను. అది తిరిగొచ్చేదాకా నా రౌండ్స్ కాగితం మీదే.