పసిపిల్లలతో ద్వీపం ట్రిప్: దిండి, అంతర్వేది రివ్యూ

అందరికీ నమస్కారమండి. నా వెనకాల కనిపిస్తున్నది వశిష్ఠ గోదావరి. దిండిలో ఉన్నాం. మా పెద్దాడికి ఐదేళ్ళు, చంటిదానికి రెండో ఏడు నడుస్తోంది. ముందు అండమాన్ అనుకున్నామండి. విమానం దిగాక మళ్ళీ ఓడెక్కాలి అనేసరికి చంటిదాన్ని తలుచుకుని ఆగిపోయాం. ద్వీపమే కావాలంటే మన కోనసీమ ద్వీపమే కదా! అటు గౌతమి, ఇటు వశిష్ఠ, కింద సముద్రం.

హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి పొద్దున పాలకొల్లులో దిగాం. పిల్లలు దారంతా నిద్రే. అక్కణ్ణుంచి కారులో చించినాడ వంతెన దాటితే దిండి వచ్చేసినట్టే. మేం డిసెంబరులో వచ్చాం. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదల కాలం, పిల్లలతో అసలు వద్దు. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో స్వామివారి కల్యాణం. ఆ జనంలో చంటిపిల్లల్ని ఎత్తుకుని నిలబడలేం.

ఇప్పుడు హౌస్‌బోటు సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి. గది శుభ్రంగా ఉంది, భోజనం బాగుంది. కానీ పాపకి లైఫ్ జాకెట్ అడిగితే పెద్దవాళ్ళది తెచ్చిచ్చారు. తొడిగి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాను. జాకెట్ నా చేతికి వచ్చేసింది, పాప కిందే ఉండిపోయింది. నీళ్ళలోనూ అంతే కదండీ, జాకెట్ తేలుతుంది, బిడ్డ జారిపోతుంది. రెయిలింగ్ కమ్మీల మధ్య సందు కూడా పాప దూరేంత ఉంది. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచి గోదావరి మీద ఈ విషయంలో నేను మొహమాటపడటం మానేశాను. రాత్రి బస వద్దని చెప్పి, ఒడ్డున గది తీసుకున్నాం. మీరు వస్తే కాళ్ళ మధ్య నుంచి పట్టీ వచ్చే పిల్లల జాకెట్ ఇంటి దగ్గరే కొని తెచ్చుకోండి. బుక్ చేసే ముందు రెయిలింగ్ ఫోటో పంపమని అడగండి.

మావాడికి అన్నిటికన్నా నచ్చింది సఖినేటిపల్లి రేవులో పంటి, అంటే బళ్ళని కూడా గోదావరి దాటించే పెద్ద పడవ. బళ్ళు, ఆటోలు, జనం అన్నీ ఒకేసారి ఎక్కి నరసాపురం వైపు కదులుతుంటే వాడు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. దిగగానే మళ్ళీ ఎక్కుదామన్నాడు. ఎక్కాం.

అంతర్వేదిలో దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టుకి వెళ్ళాం. నది సముద్రంలో కలిసే చోటు. ఇసుకలో ఆడుకోనివ్వండి, నీళ్ళలోకి మాత్రం దింపకండి. నది విసురు, సముద్రం పోటూ పాటూ కలిసి ఆ నీళ్ళు ఎటు లాగుతాయో చెప్పలేం.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మేం ఎక్కడికీ కదల్లేదు. పిల్లలు నిద్రపోయారు, మేం కొబ్బరి చెట్ల కింద కూర్చున్నాం. రోజుకి ఒక్క చోటే పెట్టుకున్నాం కాబట్టి టెన్షన్ లేదు. సాయంత్రం దోమలు ఎక్కువ. మడత దోమతెర తెచ్చుకుంటే చంటిపిల్లలకి హాయి.

తిండి విషయంలో భయం వద్దు. పులస మాత్రం పిల్లలకి పెట్టకండి, సన్నముళ్ళు చాలా ఎక్కువ. వెళ్ళేటప్పుడు అంబాజీపేటలో ఆగి పొట్టిక్కలు తినండి. పనసాకులు బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ఇదిగో చూడండి, ఆకు ఒలిస్తే ఈనెల గీతలు ఇడ్లీ మీద అచ్చు పడ్డాయి. మూడు రోజులుగా పాలు తప్ప ఏదీ సరిగ్గా తినని మా పాప, ఆ గీతల మీద వేలు పెట్టి రాస్తూ ఒకటి మొత్తం తినేసిందండి.