కొబ్బరి చిప్పతో మురుగు నీళ్లు

శ్రోతలకు నమస్కారం.

బస్టాండు గోడ పక్కన ఒక మనిషి కూర్చుని ఉంటాడు. జడలు కట్టిన జుట్టు, మండుటెండలోనూ ఒంటి మీద రెండు మూడు చొక్కాలు, తనలో తనే ఏదో గొణుగుడు. "పిచ్చోడు" అనుకుని పక్కనుంచి తప్పుకుంటాం. నేనూ తప్పుకున్నవాణ్ణే. ఒకసారి కాదు, చాలాసార్లు.

ముంబయిలో ఒక జంట తప్పుకోలేదు. 1988 నాటి మాట. భరత్ వాట్వానీ, ఆయన భార్య స్మిత, ఇద్దరూ మానసిక వైద్యులే. హోటల్లో కూర్చుని ఉంటే ఎదురుగా బక్కచిక్కిన కుర్రాడొకడు కనిపించాడు. కొబ్బరి చిప్పతో మురుగు నీళ్లు ముంచుకుని తాగుతున్నాడు. అవునండీ, మురుగు నీళ్లే, కొబ్బరి చిప్పతో. లేచి వెళ్లి, అతణ్ణి తమ నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లారు. వైద్యం చేశారు. మనిషి తేరుకున్నాక తెలిసింది, డిగ్రీ చదివాడట, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు కూడా చేశాడట. ఊరెక్కడా అంటే, మన ఆంధ్రప్రదేశ్!

వాళ్ల శ్రద్ధా సంస్థ అలా మొదలైంది. వీధుల్లో తిరిగే మానసిక రోగులకు వైద్యం చేసి ఇళ్లకు చేర్చడమే దాని పని. 2018లో వాట్వానీకి మెగసెసే అవార్డు వచ్చింది. నాకైతే ఆ అవార్డు కన్నా ఆ కొబ్బరి చిప్పే ఎక్కువ గుర్తుంటుంది.

రోడ్డున పడ్డాక జబ్బు వచ్చిందా, జబ్బు వల్లే రోడ్డున పడ్డాడా? పరిశోధకులు ఎప్పటినుంచో తేల్చుకోలేని ప్రశ్న ఇది. కెనడావాళ్లు దాన్ని పక్కనపెట్టి, ముందు ఇల్లిచ్చి చూద్దామన్నారు. 2009లో మొదలుపెట్టి, ఐదు నగరాల్లో, మానసిక జబ్బుతో ఇల్లు లేకుండా ఉన్న 2 వేల మందికి పైగా తీసుకున్నారు. లాటరీ తీసినట్టు కొందరికి అద్దె ఇల్లు, తోడుగా సాయం చేసే మనుషులు. తాగుడు మానెయ్యాలి, మాత్రలు వేసుకోవాలి అన్న షరతు లేదు. మిగతావాళ్లకు మామూలుగా ఊళ్లో దొరికే సేవలే. ఇళ్లు ఇచ్చినవాళ్లలో చాలామంది ఆ గూట్లోనే నిలిచారు. జబ్బు లక్షణాలు మాత్రం రెండు వైపులా దాదాపు ఒకేలా తగ్గాయి. అంటే ఇల్లూ కావాలి, వైద్యమూ కావాలి. ఒకటిస్తే రెండోది దానంతట అదే రాదు.

సరే, మనం చెయ్యగలిగింది ఒక్కటి చెప్తాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, వందో సెక్షన్. మతిస్థిమితం లేక, తనను తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకోవాలి. 24 గంటల్లోగా ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లు లేని మనిషైతే, తప్పిపోయినట్టు ఎఫ్‌ఐఆర్ రాసి ఇంటివాళ్ల కోసం వెతకాలి.

కాబట్టి 112కి ఫోన్ చెయ్యండి. చేసేముందు ఒక్క నిమిషం నిలబడి, ఆయన ఏ భాషలో గొణుగుతున్నాడో వినండి. అది కూడా పోలీసులకు చెప్పండి.