907 ఆటల తర్వాత

అందరికీ నమస్కారం. పెద్దలకు, తెల్లవారుజామున పిల్లల్ని లేపి మంచు రింకులకూ కోర్టులకూ తిప్పుతున్న అమ్మానాన్నలకు మరీ మరీ నమస్కారం. బహుమతులు ఇచ్చే ముందు ‘క్రీడలు, క్రమశిక్షణ’ మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. రాసుకునే వచ్చాను. కానీ నిన్న ఈ కప్పుల్ని సర్దుతుంటే మనసు మారింది. ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లకి కప్పు, ఎక్కువ పాయింట్లు చేసినవాళ్లకి కప్పు, ఎక్కువ పరుగులు తీసినవాళ్లకి కప్పు. అన్నీ కొట్టినవాళ్లకే. ఆపినవాళ్లకి ఒక్కటీ లేదు. అందుకని నేను రాన్ హేన్సీ అనే ఐస్ హాకీ ఆటగాడి గురించి మాట్లాడతాను.

పిట్స్‌బర్గ్‌లో ఉంటూ మన ఊరి హాకీ జట్టు పెంగ్విన్స్ ఆట చూడనివాళ్లు తక్కువ. వాళ్ల కెప్టెన్ సిడ్నీ క్రాస్బీ ఎవరో ఆర్నెల్ల వీసా మీద వచ్చివెళ్లే మన అమ్మమ్మలకి కూడా తెలుసు. హేన్సీ తెలిసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. నలుగురు. సరే, మిగతావాళ్లు వినండి.

కనెటికట్‌లో బోల్టన్ అనే చిన్న ఊరు అతనిది. 2000లో, జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మాంట్రియల్ జట్టు మొదటి రౌండులోనే, 13వ వాడిగా ఎంచుకుంది. డిఫెన్స్‌మన్, అంటే గోల్ పడకుండా అడ్డుకునేవాడు. అంత పేరున్న జట్టు అంత ముందుగా పిలిస్తే ఇక దశ తిరిగినట్టే అనుకుంటాం కదా. 2005 నవంబర్‌లో అదే జట్టు అతణ్ని వేవర్స్‌లో పెట్టింది. అంటే, ‘ఈ ఆటగాడు మాకు అక్కర్లేదు, కావలసినవాళ్లు తీసుకోండి’ అని పేరు బయటపెట్టడం. ఇరవైనాలుగేళ్ల కుర్రాడు. కొలంబస్ తీసుకుంది.

అక్కడి నుంచి కాలికి బలపం కట్టుకున్నట్టే. 2008లో అట్లాంటా. 2011లో ఆ జట్టునే అమ్మేసి కెనడాలో విన్నిపెగ్‌కి తరలించారు, జట్టుతోపాటు ఇతనూ వెళ్లాడు. అక్కడ ఒప్పందం అయిపోయాక 2013 వేసవంతా జట్టు లేకుండా ఉండి, సెప్టెంబర్‌లో కరోలినాకి ఒక్క ఏడాది ఒప్పందం మీద చేరాడు. అంతకుముందు 2012లో యజమానులు లాకౌట్ పెట్టినప్పుడు ఆటగాళ్ల తరఫున చర్చల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఇతనొకడు. ఆ ఏడాది 82 ఆటల సీజను 48కి కుదించుకుపోయింది. తనకే ఠికాణా లేని మనిషి పదిమంది కోసం కూర్చోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. అప్పట్లో ఇతను ఆడే ఎన్‌హెచ్‌ఎల్ అనే హాకీ లీగులో 30 జట్లు, వాటిలో 16 ప్లేఆఫ్స్‌కి, అంటే సీజను చివర కప్పు కోసం జరిగే పోటీలకి, వెళ్లేవి. సగానికి పైగా! అయినా ఇతనికి ఆ గుమ్మం తొక్కే యోగం రాలేదు. ఇతను వదిలిన మరుసటి ఏడాదే, 2009లో, కొలంబస్ మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. ఇతను వెళ్లిపోయాక 2015లో విన్నిపెగ్ వెళ్లింది. కరోలినా కూడా 2019లో వెళ్లింది. ఇతను మాత్రం 907 ఆటలు ఆడాడు, ఒక్క ప్లేఆఫ్ ఆట లేకుండా. లీగు చరిత్రలో అంతకాలం ఎదురుచూసినవాడు అప్పటికి ఇంకొకడు లేడు.

మా పెద్దవాడు డిఫెన్స్ ఆడతాడు. ఎదుటివాడు షాట్ కొట్టబోతుంటే కాలు అడ్డం పెట్టడం వాడి పని. పక్ అంటే మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న రబ్బరు బిళ్ల, పైగా ఎగరకుండా ముందే ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తారు. పోయిన చలికాలం ఒక ఆటలో అది వాడి షిన్‌గార్డుకి పక్కగా, పిక్క మీద తగిలింది. లేచాడు, కుంటుతూనే రెండోదీ ఆపాడు. ఇంటికొచ్చి సాక్సు విప్పితే పక్ ఆకారం అలాగే ఉంది, గుండ్రంగా, నేరేడుపండు రంగులో. మా అత్తగారు పసుపు వేడిచేసి పట్టు వేస్తూ ఏడ్చేశారు. వాడు మాత్రం ‘గోల్ కాలేదు అమ్మమ్మా’ అన్నాడు.

వసంతంలో జట్టు జాబితా రింకు తలుపు మీద అంటించారు. వాడి పేరు లేదు. ఏ జట్టో చెప్పను, అది కాదు ముఖ్యం. నేను వెళ్లి అడిగితే కోచ్ కాగితం తిప్పి చూపించాడు: గోల్స్ సున్నా. ఆపినవి ఎన్ని అని అడిగాను. ఆ గడే లేదు ఆ కాగితంలో. మా తెనాలి వైపు కబడ్డీలో నేను కార్నర్‌లో నిలబడేవాణ్ని. రైడర్ కాలు పట్టుకుంటే పాయింటు మాకే రాసేవారు. పల్లెటూరి కబడ్డీకి ఉన్నపాటి న్యాయం ఆ కాగితానికి లేదు. ఆ రాత్రి వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని హేన్సీ ఆటలు పెట్టి చూపించాను. అందుకే ఆయన మీద ఇంత అభిమానం, దాచుకోవడం ఎందుకు.

2017 ఫిబ్రవరిలో పెంగ్విన్స్ అతణ్ని తెచ్చుకున్నారు. వయసు దగ్గరదగ్గర 36. ఆ తర్వాత పెద్ద డిఫెన్స్‌మన్ క్రిస్ లెటాంగ్ మెడ ఆపరేషన్‌తో పూర్తిగా తప్పుకున్నాడు. భారమంతా మిగిలినవాళ్ల మీద పడింది. ఏప్రిల్ 12న హేన్సీ మొదటి ప్లేఆఫ్ ఆట. ఎదుటి జట్టు ఎవరనుకున్నారు? కొలంబస్! మాంట్రియల్ వద్దన్నప్పుడు చేరదీసిన జట్టే. రాత్రికి ఇరవై నిమిషాలు ఆడేవాడు. మనవైపు ఒకడు పెనాల్టీకి వెళ్లి నలుగురే మిగిలినప్పుడు, ఆ నలుగురిలో ఒకడు. ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి ఆడడం, బెంచి మీదికి రావడం, మళ్లీ దూకడం. కొలంబస్, వాషింగ్టన్, ఆటవా అయ్యాయి. జూన్ 11న నాష్‌విల్‌లో ఫైనల్స్ ఆరో ఆట. ఇంకా నిమిషంన్నర ఉందనగా హార్న్‌క్విస్ట్ గోల్ కొట్టాడు, చివర్లో ఇంకొకటి పడింది, 2-0.

పిల్లలూ, ఇది జాగ్రత్తగా వినండి. లీగు గెలిచిన జట్టుకిచ్చే స్టాన్లీ కప్పుని ముందు కెప్టెన్ చేతికిస్తారు. దాన్ని ఎత్తి తిరిగాక రెండోవాడిగా ఎవరికివ్వాలో కెప్టెన్ ఇష్టం. వరుసగా రెండో ఏడాది గెలిచిన జట్టది. గోల్ కొట్టినవాడున్నాడు, ఏళ్ల తరబడి కలిసి ఆడినవాళ్లున్నారు. క్రాస్బీ ఆ 35 పౌండ్ల కప్పుని తీసుకెళ్లి, జట్టుకి వచ్చి నాలుగు నెలలైనా నిండని రాన్ హేన్సీ చేతుల్లో పెట్టాడు. ఆరోజు టీవీ ముందు నేను లేచి నిలబడిపోయాను. తర్వాత హేన్సీ టొరంటోకి, ఆటవాకి వెళ్లాడు, మొత్తం 1,132 ఆటలు ఆడి ఆపాడు.

కార్యదర్శిగారూ, కాస్త మన్నించండి, మిమ్మల్ని అడక్కుండా ఒక పని చేశాను. ఆ బల్ల ఎడమ చివర ఒక చిన్న కప్పుంది, నిన్న నేను కొనుక్కొచ్చిందే. దాని మీద ఇంకా పేరు రాయించలేదు. బహుమతులు దానితో మొదలుపెట్టండి. డిఫెన్స్ ఆడే పిల్లలు, గోల్‌కీపర్లు, కార్నర్‌లో నిలబడేవాళ్లు, అందరూ ఒకసారి లేవండి. అదిగో, వెనక వరసలో ఆ అమ్మాయి లేవడానికి సిగ్గుపడుతోంది. రా తల్లీ, ముందు నువ్వే రా.