గోడ ఎవరి కోసం కట్టారు? అభిప్రాయ వ్యాసాలను వాక్యపు వెలుగులో చదవడం

హోస్ట్: శ్రోతలందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఈ ఎపిసోడ్‌లో పత్రికల ఎడిట్ పేజీల గురించి మాట్లాడుకుందాం. వార్తల గురించి కాదు, వార్తల మీద రాసే అభిప్రాయ వ్యాసాల గురించి. బైబిలును దేవుని వాక్యంగా నమ్మి, దాని ప్రకారమే బతకాలనుకునే సంప్రదాయ క్రైస్తవుల మీద ఈ పేజీల్లో చాలా రాస్తుంటారు. వాటిని ఎలా చదవాలి, ఎక్కడ ఒప్పుకోవాలి, ఎక్కడ కాదనాలి అనే విషయం మాట్లాడడానికి పాస్టర్ గారు వచ్చారు. అయ్యగారూ, వందనాలు.

పాస్టర్: వందనాలమ్మా.

హోస్ట్: నేరుగా విషయానికి వస్తాను. ఎన్నికలు దగ్గరపడితే చాలు, 'మతం ప్రార్థన మందిరంలోనే ఉండాలి, రాజకీయాల్లోకి రాకూడదు' అని ఎవరో ఒకరు రాస్తారు. అమెరికా పత్రికల్లో అయితే 'చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉంది' అని మొదలుపెడతారు. ఇలాంటి వ్యాసం చేతికొస్తే మీరు ముందు ఏం చూస్తారు?

పాస్టర్: అందులో చెప్పిన విషయం నిజమా కాదా అని చూస్తాను. మనకు కోపం తెప్పించిన వ్యాసమైనా సరే, ముందు చూడాల్సింది అదే. ఈ గోడ సంగతే తీసుకో. అమెరికా రాజ్యాంగానికి మొదటి సవరణ 1791లో వచ్చింది. ప్రభుత్వం ఏ మతాన్నీ అధికార మతంగా నిలబెట్టకూడదు, ఎవరి మతాచరణనూ అడ్డుకోకూడదు అని అందులో ఉంది. గోడ ప్రస్తావన మాత్రం థామస్ జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1802 జనవరి 1న రాసిన ఒక ఉత్తరంలోది. ఆ ఉత్తరం ఎవరికి రాశాడో వ్యాసాల్లో సాధారణంగా చెప్పరు. కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టు సంఘాలకు రాశాడు.

హోస్ట్: అంటే విశ్వాసులకే.

పాస్టర్: అవును. అప్పట్లో కనెక్టికట్‌లో కాంగ్రిగేషనల్ చర్చి అనే ప్రొటెస్టెంటు శాఖకు ప్రభుత్వ అండ ఉండేది. బాప్టిస్టులు అక్కడ అల్పసంఖ్యాకులు. మా మతస్వేచ్ఛ మాకు హక్కుగా ఉండాలి కానీ పాలకులు దయతలిచి ఇచ్చే సౌకర్యంగా ఉండకూడదని వాళ్ళ బాధ. 'మీ మనస్సాక్షి జోలికి ప్రభుత్వం రాదు' అని ధైర్యం చెప్పడానికి జెఫర్సన్ ఆ గోడ గురించి రాశాడు. ఇంకో సంగతి, ఉత్తరం రాసిన రెండు రోజులకే, జనవరి 3న, ప్రతినిధుల సభ హాలులో జరిగిన ఆరాధనకు ఆయన వెళ్ళాడు. ఆ రోజు ప్రసంగించింది జాన్ లేలండ్ అనే బాప్టిస్టు బోధకుడు. విశ్వాసి నోరు మూయించడానికే ఆ గోడ కట్టారని ఎవరైనా రాస్తే, ఈ సంగతులకు వాళ్ళు ఏం సమాధానం చెబుతారో అడగాలి.

హోస్ట్: కానీ అమెరికా సుప్రీంకోర్టు కూడా ఆ గోడను ఒప్పుకుంది కదా అని రాస్తారు. 1947 ఎవర్సన్ కేసు.

పాస్టర్: ఒప్పుకుంది. జస్టిస్ హ్యూగో బ్లాక్ ఆ తీర్పు రాశాడు, గోడ ఎత్తుగా, బలంగా ఉండాలన్నాడు. కానీ ఆ కేసులో గెలిచిందెవరు? న్యూజెర్సీలో ఒక స్కూల్ బోర్డు పిల్లల బస్సు చార్జీలను తల్లిదండ్రులకు తిరిగి ఇచ్చేది. క్యాథలిక్ స్కూళ్ళకు వెళ్ళే పిల్లల తల్లిదండ్రులకు కూడా ఇచ్చేది. అది చెల్లుతుందని కోర్టు 5-4 తేడాతో తీర్పు చెప్పింది. సగం చరిత్ర చెప్పి ఊరుకుంటే చదివేవాడు మోసపోతాడు. నాకు బాధ కలిగించేది అదే. వాళ్ళు మనతో విభేదించినందుకు నాకు బాధ లేదు.

హోస్ట్: ఇక్కడ వాళ్ళ తరఫున ఒక మాట అడుగుతాను, అయ్యగారూ. ఎక్కువమంది ఉన్న మతం తన నియమాలను అందరి మీదా రుద్దుతుందన్న భయం నిజమైనదే కదా?

పాస్టర్: నిజమైనదే. ఆ భయం ఎలా ఉంటుందో బాప్టిస్టులను అడిగితే చెబుతారు, జైళ్ళకు వెళ్ళినవాళ్ళు. రోజర్ విలియమ్స్‌ను మసాచుసెట్స్ నుంచి వెళ్ళగొట్టారు, 1636లో ఆయన ప్రావిడెన్స్ అనే ఊరు స్థాపించాడు. వెళ్ళగొట్టిన వాళ్ళూ క్రైస్తవులే. బలవంతంగా పుట్టించిన విశ్వాసం విశ్వాసం కాదు. ఒక మనిషిని ఆరాధనకు రమ్మని చట్టంతో లాక్కురావడాన్ని నేను ఎప్పుడూ సమర్థించను. ఆ వ్యాసకర్త ఇక్కడివరకు చెబితే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఆయన ఇంకో అడుగు వేస్తాడు. దేవుణ్ణి నమ్మి ఒక నిర్ణయానికి వచ్చినవాడు ఆ నిర్ణయాన్ని చట్టసభలో చెప్పకూడదంటాడు. అక్కడ నేను ఆగిపోతాను.

హోస్ట్: గర్భస్రావం గురించి రాసేటప్పుడు ఇది బాగా కనిపిస్తుంది. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు డాబ్స్ కేసులో తీర్పు ఇచ్చాక 'ఇది మతాన్ని దేశం మీద రుద్దడం' అని ఎన్నో కాలమ్స్ వచ్చాయి.

పాస్టర్: ఆ తీర్పు చదివినవాళ్ళు అలా రాయడం కష్టం. గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును కోర్టు కొట్టేసింది, నిజమే. కానీ ఆ కొట్టివేతకు ఆధారం బైబిలు కాదు. రాజ్యాంగంలో గర్భస్రావ హక్కు లేదు, కాబట్టి దాని మీద నిర్ణయం ప్రజలూ వాళ్ళు ఎన్నుకున్న ప్రతినిధులూ తీసుకోవాలి అన్నారు. ఆ వాదన సరికాదని ఎవరైనా రాయవచ్చు, రాజ్యాంగం చూపించి రాయాలి. 'వాళ్ళు మతస్థులు కాబట్టి వాళ్ళ వాదన చెల్లదు' అంటే అది వాదన కాదు, మనిషిని పక్కకు నెట్టేయడం. ఇక నా నమ్మకం అంటావా, కడుపులో ఉన్న బిడ్డ దేవుని స్వరూపంలో ఉన్న మనిషి. ఇది ఈ మధ్య ఏదో పార్టీ మనకు నేర్పింది కాదు. రోమా సామ్రాజ్యంలో అక్కరలేని పసికందులను బయట పారేసే రోజుల్లోనే క్రైస్తవులు దాన్ని కాదన్నారు. అపొస్తలుల తర్వాతి తరాలవాళ్ళు వాడుకున్న డిడాకే అనే చిన్న పుస్తకంలో గర్భంలోని బిడ్డను చంపకూడదని స్పష్టంగా ఉంది.

హోస్ట్: 'యేసు దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు కదా' అని కూడా రాస్తారు.

పాస్టర్: పసికందులను పారేయడం గురించీ ఆయన నేరుగా అన్న మాట సువార్తల్లో లేదు. అందుకని అది తప్పు కాదని ఆ కాలమిస్టు రాస్తాడా? రాయడు. అంటే మౌనాన్ని తనకు అవసరమైన చోట మాత్రమే వాడుతున్నాడు. పెళ్ళి గురించి అయితే యేసు మౌనంగా కూడా లేడు. మత్తయి 19లో పరిసయ్యులు విడాకుల గురించి అడిగితే, ఆయన ఆదికాండం మొదటి రెండు అధ్యాయాలకు వెళ్ళి, స్త్రీనీ పురుషుణ్ణీ సృష్టించిన దేవుని ఉద్దేశం నుంచి జవాబు చెప్పాడు.

హోస్ట్: 'తీర్పు తీర్చకుడి' వాక్యం?

పాస్టర్: మత్తయి 7:1 దగ్గర పుస్తకం మూసేస్తారు. అయిదో వచనం దాకా చదివితే, నీ కంట్లో దూలం తీసుకుని, ఆ తర్వాత నీ సహోదరుని కంట్లో నలుసు తియ్యి అని ఉంటుంది. యోహాను 7:24లో న్యాయమైన తీర్పు తీర్చమని ఆయనే అన్నాడు. దీని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

హోస్ట్: ఈ వ్యాసాలన్నీ వరసగా చదువుతుంటే నాకొకటి అర్థమైంది. అదే పత్రిక, ఇంకో రోజు, వలసదారుల గురించో పేదల గురించో ఒక బిషప్ మాట్లాడితే మొదటి పేజీలో వేసి మెచ్చుకుంటుంది. అప్పుడు గోడ గుర్తుకు రాదు.

పాస్టర్: ఈ రోజు నేను చెప్పాలనుకున్న ముఖ్య విషయమే అది. ఒక వ్యాసకర్త విశ్వాసాన్ని ఎప్పుడు రమ్మంటున్నాడు, ఎప్పుడు పొమ్మంటున్నాడు అనేది గమనించండి. 1963 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైల్లో ఉన్నప్పుడు, ఎనిమిదిమంది తెల్లజాతి మతపెద్దలు పత్రికలో ఒక ప్రకటన ఇచ్చారు, జాతి వివక్ష మీద జరిగే ఈ నిరసనలు తెలివైనవి కావు, సమయమూ ఇది కాదు అని. ఆయన జైలు నుంచే జవాబు రాశాడు. అందులో పూర్వకాలపు క్రైస్తవ వేదాంతులు అగస్టీనునూ అక్వినాసునూ పేర్కొంటూ, దేవుని ధర్మశాస్త్రానికి సరిపోని మానవ చట్టం అన్యాయమైన చట్టం అన్నాడు. ఒక బాప్టిస్టు పాస్టరు దేవుని పేరుతో ప్రభుత్వాన్ని నిలదీశాడు. ఈ రోజు ఆ ఉత్తరాన్ని మెచ్చుకోని ఎడిట్ పేజీ లేదు. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆయనకు ఇచ్చిన ఆ చోటును, పుట్టని బిడ్డ కోసం మాట్లాడే పాస్టరుకు కూడా ఇవ్వాలి కదా? ఆ పాస్టరు వాదన తప్పైతే తప్పని నిరూపించండి. మాట్లాడే హక్కే లేదనకండి.

హోస్ట్: ఇప్పుడు ఈ కొలతను మన వైపుకి తిప్పుతాను. సంప్రదాయ క్రైస్తవులు రాసే వ్యాసాల్లో ఇది జరగదా?

పాస్టర్: జరుగుతుందమ్మా. దీని గురించి ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే బయటివాడు వాక్యాన్ని వక్రీకరిస్తే అతనికి వాక్యం తెలియదనుకోవచ్చు. మనం చేస్తే అలా అనుకోవడానికి లేదు. చరిత్రలో దీనికి భయంకరమైన ఉదాహరణ ఉంది. 1807లో బ్రిటిష్ పార్లమెంటు బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్ లాంటి సువార్తిక విశ్వాసులు ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చిన చట్టం అది. అదే ఏడాది లండన్‌లో ఇంకో పుస్తకం అచ్చయింది. వెస్టిండీస్‌లోని బానిసల కోసం ఎంపిక చేసిన బైబిలు భాగాలు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి విడుదలైన కథ అందులో తీసేశారు. దాసులు యజమానులకు లోబడాలి అనే వాక్యాలు ఉంచారు.

హోస్ట్: నిర్గమకాండంలోంచి నిర్గమనమే తీసేశారా!

పాస్టర్: తీసేశారు. మనిషిని దొంగిలించి అమ్మినవాడికి మరణశిక్ష అని నిర్గమకాండం 21:16లో ఉంది. 1 తిమోతి 1:10లో పౌలు మనుష్య చోరులను హంతకుల పక్కనే పెట్టాడు. వాక్యం మొత్తం చదివితే ఆ వ్యాపారం నిలబడదు, అందుకే కత్తిరించాల్సి వచ్చింది. ఇప్పుడు మన వ్యాసాలకు వద్దాం. 2 దినవృత్తాంతములు 7:14ను ఎన్నికల ముందు ఎన్ని వ్యాసాల్లో చూశావు?

హోస్ట్: 'నా జనులు తమ్మును తాము తగ్గించుకొని ప్రార్థన చేస్తే దేశాన్ని స్వస్థపరుస్తాను' అన్నది. చాలా చూశాను.

పాస్టర్: సొలొమోను మందిరం ప్రతిష్ఠించాక దేవుడు అతనితో అన్న మాట అది. దాని ముందు వచనంలో వానలు ఆగడం, మిడతలు, తెగులు ఉన్నాయి. నిబంధన ప్రజలైన ఇశ్రాయేలుతో ఆయన మాట్లాడుతున్నాడు. ఈ రోజు దేవుని పేరు పెట్టబడిన జనం సంఘం. ఏ దేశమూ కాదు, ఏ పార్టీ అంతకన్నా కాదు. సంఘం తగ్గించుకుని మారుమనస్సు పొందాలని ఆ వాక్యంతో ప్రసంగిస్తే ఆమేన్. మన అభ్యర్థి గెలిస్తే దేశం స్వస్థపడుతుందని రాస్తే, ఆ వాక్యంలో లేని వాగ్దానాన్ని దేవుని నోట పెట్టినట్టే.

హోస్ట్: నాయకుల వ్యక్తిగత జీవితం గురించి కూడా మనవాళ్ళ రాతలు మారాయి కదా?

పాస్టర్: మారాయి, అది నన్ను చాలా కలవరపెడుతుంది. 1998లో, అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ వివాహేతర వ్యవహారం బయటపడిన ఏడాది, అక్కడి బాప్టిస్టు సంఘాల సమాఖ్య అయిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ ప్రజాప్రతినిధుల నైతిక ప్రవర్తన గురించి తీర్మానం చేసింది. నాయకుల తీవ్రమైన తప్పులను సహిస్తే దేశం మనస్సాక్షి మొద్దుబారుతుందన్నారు. సరైన మాట. తర్వాత పీఆర్ఆర్ఐ అనే సర్వే సంస్థ ఒక ప్రశ్న అడిగింది: వ్యక్తిగత జీవితంలో అనైతికంగా నడిచిన నాయకుడు పదవిలో నైతికంగా ఉండగలడా? 2011లో అమెరికాలోని శ్వేతజాతి సువార్తిక విశ్వాసులైన ఇవాంజెలికల్స్‌లో 30 శాతం మంది ఉండగలడన్నారు. 2016లో అదే ప్రశ్నకు 72 శాతం మంది ఉండగలడన్నారు.

హోస్ట్: అయిదేళ్ళలో.

పాస్టర్: ఆ అయిదేళ్ళలో బైబిలు మారలేదు. అభ్యర్థి మారాడు. బాప్తిస్మమిచ్చే యోహాను హేరోదును ఏ విషయంలో గద్దించాడో మార్కు 6:18 చదవండి. సహోదరుని భార్యను ఉంచుకోవడం న్యాయం కాదన్నాడు. అది రాజు సొంత జీవితం. ఆ మాటకు యోహాను తల పోయింది. వాళ్ళ పార్టీ నాయకుడు తప్పు చేస్తే యోహానులా, మన నాయకుడు తప్పు చేస్తే వకీలులా రాసేవాళ్ళను ఎవరు నమ్ముతారు? పుట్టని బిడ్డ గురించి మనం చెప్పే మాట సత్యం. దాన్ని వినేవాడు, మనం ఇంకెక్కడో అవసరాన్ని బట్టి మాట మార్చడం చూశాడు. అందుకే మన సత్యాన్ని కూడా రాజకీయమనే అనుకుంటాడు.

హోస్ట్: దానికి కొందరు శ్రోతలు ఒప్పుకోరు. 'అవతలివాళ్ళు ఇంత అన్యాయంగా రాస్తుంటే మన తప్పులు మనమే బయటపెట్టుకోవడం ఎందుకు' అంటారు.

పాస్టర్: వాళ్ళ బాధ నాకు తెలుసు. కానీ పేతురు తన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందన్నాడు. మన తప్పు మనం చెప్పుకుంటే అవతలివాళ్ళ అన్యాయం న్యాయమైపోదు. దాని మీద రాయడానికి మనకు అర్హత ఉంటుంది.

హోస్ట్: మన యువతీయువకులు చాలామంది ఇప్పుడు పత్రికలకు జవాబులు రాస్తున్నారు. వాళ్ళకు పని చేసే సలహా ఒకటి చెప్పండి.

పాస్టర్: సామెతలు 18:17 చూడండి. మొదట మాట్లాడినవాడిదే న్యాయంగా కనిపిస్తుంది, ఎదుటివాడు వచ్చి ప్రశ్నించాక సంగతి తేటపడుతుంది. కాబట్టి జవాబు రాసేముందు ఆ కాలమిస్టు వాదనను మీ సొంత మాటల్లో ఒక పేరా రాయండి. దాన్ని ఆయనే చదివితే 'అవును, నేను చెప్పింది ఇదే' అనాలి. అలా రాయలేకపోతే మీకు ఆ వ్యాసం ఇంకా అర్థం కాలేదు, మళ్ళీ చదవండి. ఆ తర్వాత ఆయన చెప్పినదాంట్లో నిజం ఎంతో ఒప్పుకోండి. ఇక మిగిలినదాని మీద గట్టిగా రాయండి, మెత్తబడక్కర్లేదు. ఆయన ఉద్దేశాల జోలికి మాత్రం పోవద్దు. హృదయాలను ఎరిగినవాడు దేవుడొక్కడే, మన ముందు ఉన్నది వ్యాసం మాత్రమే.

హోస్ట్: వచ్చే ఎపిసోడ్‌కి రోమా 13 తీసుకుందామా? అధికారులకు లోబడమనే ఆ అధ్యాయాన్ని రెండు పక్షాలవాళ్ళూ వాడుకుంటున్నారు.

పాస్టర్: తప్పకుండా. దానితోపాటు అపొస్తలుల కార్యములు 5 కూడా చదివి రమ్మని శ్రోతలకు చెప్పు. మనుష్యులకంటే దేవునికే లోబడాలని పేతురు యూదుల మహాసభ అయిన సన్హెద్రిను ముందు నిలబడి అన్నాడు. రెండూ ఒకే బైబిల్లో ఎలా ఉన్నాయో అప్పుడు మాట్లాడుకుందాం.