గుట్ట మీద ఇరుక్కుంటే బిల్లు ఎవరు కట్టాలి?

[ఖాజాగూడ గుట్ట, పొద్దున ఆరున్నర]

నా వెనక ఎక్కుతున్నవాళ్ల కాళ్లు చూడండి. చాలామందికి చెప్పులే. నీళ్ల బాటిల్ లేదు కానీ ఫోన్ మాత్రం చేతిలో ఉంది. నవ్వడానికి చెప్పట్లేదు, మొదటిసారి నేనూ ఇలాగే వచ్చాను. దిగేటప్పుడు బండ మీద కూర్చుని జారుకుంటూ వచ్చాను, ప్యాంటు చిరిగింది. ఇక్కడ కాబట్టి అంతటితో పోయింది.

[మ్యాప్: హైదరాబాద్ నుంచి ములుగు]

2023 జులై 26. ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతం చూడ్డానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి వాగు పొంగింది. దాదాపు 80 మంది అడవిలో ఇరుక్కుపోయారు. ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు చీకట్లో వెళ్లి బయటికి తెచ్చారు. అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో మర్నాటి పొద్దుటికి 24 గంటల్లో పడిన వాన 649.8 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసేదే 800కి అటూ ఇటూ.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఒకటే మాట: "వానల్లో పొమ్మని ఎవరు చెప్పారు? ఖర్చంతా వాళ్ల దగ్గరే వసూలు చేయాలి!"

అలా చేసే చోటు ఉంది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో 2008 నుంచి, నిర్లక్ష్యంగా కొండెక్కి ఇరుక్కుంటే రెస్క్యూ ఖర్చు కట్టమనొచ్చు. కానీ అక్కడే 25 డాలర్ల కార్డు కూడా అమ్ముతారు. అది ముందే కొనుక్కుంటే మామూలు నిర్లక్ష్యానికి బిల్లు రాదు. మరీ తెగించి చేస్తే మాత్రం కార్డున్నా కట్టాల్సిందే.

బిల్లు వేయడం నాకు నచ్చదు. ఎందుకో చెప్తాను.

కాలు మెలికపడితే, నాన్న తిడతాడని పొద్దుపోయేదాకా ఇంటికి ఫోన్ చేయని పిల్లలున్న ఊరు మనది. దానికి తోడు లక్ష రూపాయల బిల్లు కూడా వస్తుందంటే 112 నొక్కుతారా? "కాసేపు చూద్దాం, మనమే దిగిపోదాం" అంటారు. సాయంత్రం నాలుగింటికి వెలుతురులో తేలిగ్గా అయ్యే పని అర్ధరాత్రి టార్చిలైట్ల మీద చేయాల్సి వస్తుంది. అప్పుడు తాడు పట్టుకుని దిగేవాళ్ల ప్రాణం కూడా పణమే. అమెరికాలో కొండల్లో రెస్క్యూ చేసేవాళ్ల సంఘమే బిల్లు వద్దంటోంది, కారణం ఇదే.

పైగా "ప్రిపేర్ కాలేదు" అని తేల్చేదెవరు? మంచి బూట్లేసుకున్నవాడు జారి కాలు విరగ్గొట్టుకుంటాడు, చెప్పులవాడు ఈలేసుకుంటూ దిగొస్తాడు.

"ప్రవేశం నిషేధం" బోర్డు దాటి వెళ్లినవాడి సంగతి వేరు. వాడికి ఫైన్ వేయండి. ఇరుక్కున్నాడని కాదు, దాటాడని. క్షేమంగా తిరిగొచ్చినా వేయండి.

మిగతావాళ్ల దగ్గర ముందే తీసుకోవచ్చు. రైలు టికెట్ ఆన్‌లైన్లో బుక్ చేసేటప్పుడు అర్ధరూపాయి కూడా కాని ఇన్సూరెన్స్ ఒకటి అడుగుతుంది కదా? భువనగిరి కోట ఎక్కడానికి ఎలాగూ టికెట్ కొంటున్నాం. అందులో ఇంకో ఐదు రూపాయలు రెస్క్యూ కింద కలిపితే ఎవరికీ బరువు కాదు. ఆ డబ్బు తాళ్లకూ స్ట్రెచర్లకూ పోవాలి. మన దగ్గర ఆ "పోవాలి" దగ్గరే వస్తుంది చిక్కంతా.

[కెమెరా కిందికి]

ఒక్క నిమిషం. ఆ తమ్ముడు సగంలో ఆగిపోయాడు.

తమ్ముడూ, కిందికి చూడకు! చెప్పులు విప్పి పక్కన పడెయ్. ఆఁ... ఇప్పుడు ఎడమ చెయ్యి ఆ పగుల్లో పెట్టు. రా, మెల్లగా రా.