ఎండల్లో వారం రోజులు, ఇంటిల్లిపాదీ ఒకే గదిలో

హాయ్ అందరికీ, ఈ రోజు టాపిక్ ఏంటంటే, బయట ఎండ మండిపోతోంది, అందరికీ సెలవులే, వారం రోజులు ఎవరూ గడప దాటరు. వినడానికి భలే ఉంటుంది కదా, రెండో రోజు మధ్యాహ్నం దాకా. ఇంట్లో ఎన్ని గదులున్నా ఏసీ ఒక్కదాంట్లోనే ఉంటుంది, ఇంక అందరూ అందులోకే చేరతారు, తలుపు ఎవరు తీసినా తిట్లే, తీసి వేయకపోతే ఇంకా తిట్లు.

ఇక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. ఆరుగురుంటే 600, టీవీ అదనం, గోడల్లోంచి స్లాబ్‌లోంచి దిగే సెగ వేరే. ఒక టన్ను ఏసీ బయటికి తోసేది 3,500 వాట్ల దగ్గర. అందుకని "ఇది పాడైపోయింది, మెకానిక్‌ని పిలవండి" అనేముందు గదిలో ఎన్ని తలకాయలున్నాయో ఒకసారి చూడండి.

రిమోట్ గొడవ సరేసరి. ఇన్వర్టర్ రకం (అవసరాన్నిబట్టి కంప్రెసర్ స్పీడ్ మార్చుకునేది) కాని మామూలు ఏసీకి 16 పెట్టినా 24 పెట్టినా గది చల్లబడే స్పీడ్ ఒకటే, ఎక్కడ ఆగాలన్నదే తేడా. అయినా 16 పెట్టి దుప్పటి ముసుగేసుకునే మహానుభావుడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు, ఆయనకి ఇవన్నీ చెప్పి లాభంలేదు. కూలర్ ఉన్నోళ్ళు మాత్రం ఏసీలాగా కిటికీలు బిగించకండి, తేమ బయటికి పోయే దారిలేక గదంతా ఉక్కపోసి ఒళ్ళు జిడ్డుకారిపోతుంది. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, మన చెమటని ఆరబెడుతుందంతే, కాబట్టి ఎవరూ లేని గదిలో తిరిగితే కరెంటు దండగ.

పై అంతస్తు వాళ్ళకి ఇంకో బాధ. రాత్రి తొమ్మిదైనా పడమటి గోడకి చెయ్యి ఆనిస్తే జ్వరమొచ్చినట్టు వెచ్చగా తగులుతుంది, పగలంతా పీల్చుకున్న వేడి అప్పుడు లోపలికి వదులుతుంది మరి. పొద్దున ఎండ ఎక్కకముందే కిటికీలు వేసి కర్టెన్లు లాగేయాలి, బయట చల్లబడ్డాకే అన్నీ బార్లా తీయాలి.

నా మాటేంటంటే మధ్యాహ్నం పూట అందరం కలిసి ఏదో చేద్దాం అని పట్టుబట్టకండి. ఆ టైమ్‌లో ఛార్జర్ ఎవరు తీశారన్న దానిమీద మొదలైన గొడవ పదేళ్ళ కిందటి పాత లెక్కల దాకా పోతుంది, రాత్రి ఎవడికీ సరిగా నిద్రపట్టలేదు, అసలు సంగతి అది. ఒకళ్ళు హాల్లో, ఒకళ్ళు లోపల, ఎవరి మూల వాళ్ళది. ఆటలూ కబుర్లూ తెల్లారగట్ల గానీ రాత్రి గానీ పెట్టుకోండి.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే "దాహం వేస్తోందా" అని అడగడం వేస్ట్. వయసు మీదపడేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, లేదనే అంటారు, గ్లాసు తెచ్చి చేతికివ్వండి. ఒళ్ళు కాలిపోతూ మాట తేడాగా వచ్చినా, పొంతన లేకుండా మాట్లాడినా వడదెబ్బ అనుకోండి, వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఒంటిమీద నీళ్ళు చల్లి గాలి తగలనివ్వండి. స్పృహ సరిగా లేనప్పుడు మాత్రం నోట్లో నీళ్ళు పోయొద్దు.